బస్తాకు లెక్కుంది... బిల్లుకు లెక్కేది?
ఫీజు కాగితం ముందు హమాలీ తండ్రి అవస్థ

అఫ్జల్‌గంజ్: లారీలోంచి ఎన్ని బస్తాలు దిగాయి, ఎన్ని దుకాణంలోకి చేరాయి, తలా ఎంత కూలి గిట్టింది అన్న లెక్క ఇక్కడి హమాలీలకు కొట్టిన పిండి. పొద్దుగూకే వేళకు నోటిలెక్కతో తేల్చి పారేస్తారు. అందులో పది రూపాయల తేడా వచ్చినా సేటును నిలదీస్తారు. అలాంటి హమాలీ ఒకడు కూతురి కళాశాలవారిచ్చిన ఒక్క కాగితం ముందు నోట మాట రాక కూలబడిపోయాడు. ఆ కాగితం మీది మొత్తం 86 వేల రూపాయలు. అతడు కూడబెట్టి తెచ్చుకున్నది 36 వేలు.

పాలమూరు ప్రాంతం నుంచి బతుకుదెరువు కోసం వచ్చిన ఈ తండ్రి అఫ్జల్‌గంజ్, సిద్దిఅంబర్ బజార్, ఉస్మాన్‌గంజ్ దుకాణాల మధ్య బస్తాలు మోస్తూ పిల్లను చదివిస్తున్నాడు. ఆమె 2023లో ఎంసెట్ రాసి, నగర శివారులోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో కన్వీనర్ కోటాలో సీటు తెచ్చుకున్నది. ఇప్పుడు మూడో సంవత్సరం. కళాశాల బస్సు ఎక్కితే మరో ఫీజు కట్టవలసి వస్తుందని ఆర్టీసీ బస్సులోనే పోయివస్తుంది. 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఆ చార్జీ కూడా తప్పింది. ఇంత పొదుపుగా నడుస్తున్న ఇంటి మీద 86 వేల బిల్లు పిడుగులా పడింది.

"సర్కారే కడతదన్నరు, ఫ్రీ సీటన్నరు. ఏటా ముప్పై అయిదు వేలు మనం కట్టుకుంటే చాలన్నరు. ఇప్పుడు ఇంతెట్లయింది సార్?" అన్నది ఆ తండ్రి ప్రశ్న. ఆయన దీన్ని అడిగింది కళాశాల వారిని కాదు. అక్కడ కౌంటరు దగ్గర అడిగితే "అన్నీ అందులోనే రాసి ఉన్నయి, చూసుకో" అన్నారట. ఆయన అడిగింది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో రోజూ పత్రికలు చదవడానికి వచ్చే ఒక విశ్రాంత గుమస్తాను.

గ్రంథాలయంలో తేలిన లెక్క

మూసీ ఒడ్డున, ఉస్మానియా ఆసుపత్రికి సమీపంలో ఉన్న ఈ గ్రంథాలయం 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది. ఇప్పుడున్న రాతి భవనం 1936 నాటిది. పోటీ పరీక్షలకు చదివే పేద పిల్లలకు ఇదే ఇల్లు, ఇదే బడి. సెలవు రోజుల్లో ఆ అమ్మాయి కూడా ఇక్కడే చదువుకుంటుంది. అక్కడి పరిచయంతోనే తండ్రిని వెంటబెట్టుకుని పెద్దాయన దగ్గరకు వచ్చింది. ఒకప్పుడు కళాశాల కార్యాలయంలో ఫీజు పుస్తకాలు రాసి రాసి కళ్ళద్దాలు తెచ్చుకున్న మనిషి ఆయన.

బిల్లులో ఆరు వరుసలు ఉన్నాయి. ట్యూషన్ ఫీజు తేడా 35,000. గత సంవత్సరం ఆర్‌టీఎఫ్ బకాయి 35,000. యూనివర్సిటీ ఫీజు 2,500. ప్లేస్‌మెంట్ శిక్షణ 8,000. అభివృద్ధి రుసుము 4,000. ఆలస్య రుసుము 1,500. గుమస్తా ముందుగా ఒక తెల్ల కాగితం తీసుకుని మూడు గళ్ళు గీశారు. మనం కట్టవలసింది ఒక గడి. సర్కారు కట్టవలసింది ఒక గడి. ఎందుకు కట్టాలో కళాశాల చెప్పవలసింది మూడో గడి.

"ముందు ఒక మాట విను బిడ్డా. ఫ్రీ సీటన్న మాట నోట్లో మిగిలింది గాని కాగితం మీద లేదు" అని మొదలుపెట్టారు.

పేరు మిగిలింది, పథకం పోయింది

ఆయన చెప్పినదాంట్లో నిజం ఉంది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు అనే పద్ధతి వచ్చింది. ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిందే. ఫ్రీ సీటుకు ప్రభుత్వ కళాశాల ఫీజు కడితే సరిపోయేది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పద్ధతిని కొట్టివేసింది. లాభాపేక్ష లేకుండా, క్యాపిటేషన్ వసూలు చేయకుండా ఉన్నంతవరకు ఫీజును కళాశాలలే నిర్ణయించుకోవచ్చునన్నది. మరుసటి ఏడాది 2003లో ఇస్లామిక్ అకాడమీ కేసులో, ఆ ఫీజు సబబుగా ఉందో లేదో చూడడానికి ప్రతి రాష్ట్రంలో విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన ఒక కమిటీ ఉండాలన్నది. మన రాష్ట్రంలో ఫీజులు ఖరారు చేసే కమిటీ అలా పుట్టిందే.

ఫీజు రీయింబర్స్‌మెంటు ఆ తరువాతి మాట. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008లో దీన్ని తెచ్చింది. తెలంగాణ వచ్చాక కూడా కొనసాగింది. అయితే అందరికీ ఒకే కొలత కాదు. ఆదాయ పరిమితికి లోబడి ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఇంజనీరింగ్ పూర్తి ఫీజు ప్రభుత్వమే భరిస్తుంది. బీసీ విద్యార్థికి పదివేలలోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు, దాటితే 35 వేల వరకే. ఈ అమ్మాయి బీసీ. ర్యాంకు పదివేలు దాటింది. కళాశాల ఫీజు 70 వేలు. సర్కారు వంతు 35 వేలు పోగా మిగిలిన 35 వేలు తండ్రి వంతు. ఆయన ఏటా కడుతున్నది ఆ మొత్తమే. కాబట్టి మొదటి వరుస న్యాయమైనదే. యూనివర్సిటీ ఫీజు కూడా విశ్వవిద్యాలయానికి చేరవలసినదే. ఈ రెండూ మొదటి గడిలోకి పోయాయి. మొత్తం 37,500.

బకాయి సర్కారుది, జరిమానా పిల్లకు

రెండో వరుస దగ్గర తండ్రి గొంతు పెగలలేదు. ఆర్‌టీఎఫ్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. ట్యూషన్ ఫీజుకు ప్రభుత్వమిచ్చే మొత్తాన్నే కళాశాలలవారు ఆ మూడక్షరాలతో పిలుస్తారు. గత ఏడాది ప్రభుత్వం నుంచి రావలసిన 35 వేలు తమకు చేరలేదు గనుక విద్యార్థినే కట్టమని, సర్కారు ఇచ్చాక తిరిగి ఇస్తామని కళాశాల మాట.

కళాశాలల గోడు కూడా లేకపోలేదు. ప్రభుత్వం నుంచి బకాయిలు పేరుకుపోయి అధ్యాపకులకు జీతాలు ఇవ్వలేకపోతున్నామంటూ 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలు మూతవేసి నిరసన తెలిపాయి. ప్రభుత్వం కొంత మొత్తం విడుదలకు ఒప్పుకున్నాకే తెరుచుకున్నాయి. ఆ తగవు ప్రభుత్వానికీ యాజమాన్యాలకూ మధ్యది. బిల్లు మాత్రం వచ్చి పడింది బస్తాలు మోసే మనిషి చేతిలో. పైగా ఆ 35 వేలు గడువులోగా కట్టలేదని 1,500 ఆలస్య రుసుము. బకాయి పడ్డది ఒకరు, జరిమానా పడ్డది ఇంకొకరికి.

"ఈ పైసలు నువ్వు అప్పు తెచ్చి కడితే సర్కారు ఇచ్చిననాడు కళాశాల ఖాతాలో పడతయి. అప్పుడు నీ పైసలు నీకు రావాలంటే మళ్ళీ నువ్వే తిరగాలె" అని గుమస్తా హెచ్చరించారు. ముందుగా ఈ-పాస్‌లో దరఖాస్తు ఏ దశలో ఉందో చూడమన్నారు. ఈ దరఖాస్తును ఏటా పునరుద్ధరించుకోవాలి. హాజరు 75 శాతం ఉండాలి. వీటిలో ఏది తప్పినా డబ్బు ఆగేది ప్రభుత్వం వల్ల కాదు, మన వల్లనే. అమ్మాయి అక్కడికక్కడే ఫోనులో నంబరు కొట్టి చూసింది. దరఖాస్తు మంజూరై ఉంది. రావలసింది నిధులే. తండ్రి ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. తప్పు తన బిడ్డది కాదని తెలియడమే ఆయనకు కొండంత ధైర్యమైంది.

ఏ ఉత్తర్వు ప్రకారం?

మిగిలినవి ప్లేస్‌మెంట్ శిక్షణ 8 వేలు, అభివృద్ధి రుసుము 4 వేలు. కమిటీ ఫీజు ఖరారు చేసేటప్పుడు కళాశాల జమాఖర్చులు చూస్తుంది. నిర్వహణ ఖర్చులతోపాటు కళాశాల అభివృద్ధికి కావలసినదీ ఆ లెక్కలోకే వస్తుంది. 2022లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన ఇంజనీరింగ్ ఫీజుల్లో కనిష్ఠం 45 వేలు, గరిష్ఠం లక్షా 60 వేలు. విద్యార్థి చేరిన ఏడాది ఏ ఫీజు ఉన్నదో కోర్సు పూర్తయ్యేదాకా అదే ఫీజు అన్నది నియమం. అలా ఖరారైన ఫీజుకు మించి వసూలు చేసేది ఏదైనా 1983 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యాసంస్థల చట్టం దృష్టిలో క్యాపిటేషన్ రుసుమే. దాన్ని ఆ చట్టం నిషేధించింది.

హాస్టలు, బస్సు వాడుకున్నవారు వాటి డబ్బు కట్టక తప్పదు. శిక్షణ కావాలనుకున్నవారు తీసుకోవచ్చు. వద్దన్నవారి బిల్లులో ఎందుకు ఉన్నదన్నదే ప్రశ్న. "కట్టనని జగడమాడకు. ఏ ఉత్తర్వు ప్రకారం అడుగుతున్నరో రాసివ్వమని మర్యాదగ అడుగు. నోటితో అడిగితే గాలికి పోతది, కాగితం మీద అడుగు" అని గుమస్తా చెప్పారు. అర్జీ ఆయనే చెప్పగా అమ్మాయి రాసింది. రెండు ప్రతులు. ఒకటి కళాశాలకు, రెండోదాని మీద ముద్ర వేయించుకుని దాచుకోవడానికి.

మరునాడు తండ్రీకూతుళ్ళు కళాశాలకు వెళ్ళారు. తక్కువ పడిన 1,500 తోటి హమాలీ సర్దాడు. మొదట కౌంటరులో ససేమిరా అన్నారు. అర్జీ చూశాక లోపలికి పంపారు. గంటసేపు నిలబెట్టి చివరకు 37,500 తీసుకుని రసీదు ఇచ్చారు. ఆలస్య రుసుము కొట్టివేశారు. శిక్షణ, అభివృద్ధి రుసుములు "పరిశీలనలో" అని రాశారు. సర్కారు బకాయి 35 వేలు మాత్రం బిల్లులో అలాగే నిలిచింది. పరీక్షలు రాయనిస్తామన్నారు. సర్టిఫికెట్ల సంగతి చదువు పూర్తయ్యాక చూద్దామన్నారు.

"నాయినా, ఇంకో రెండేండ్లల్ల సర్టిఫికెట్ నా చేతికి రాకపోతే నౌకరి ఎట్ల?" అని తిరుగు బస్సులో కూతురు అడిగిందట. ఆ తండ్రి దగ్గర జవాబు లేదు.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు

ఇలాంటి కాగితాలు ప్రతి వేసవికీ వేల ఇళ్ళకు చేరుతున్నాయి. చదువుకున్నవారే తికమకపడే ఆ వరుసలు అక్షరం రాని తల్లిదండ్రులకు ఏం బోధపడతాయి? కొన్ని సంగతులు గుర్తుంచుకుంటే మేలు. మొత్తం ఒకే అంకెగా రాసిన కాగితం తీసుకోవద్దు, ఏ పద్దుకు ఎంతో విడివిడిగా రాసివ్వమనాలి. కట్టిన ప్రతి పైసకూ రసీదు ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లను కళాశాలలు తమ దగ్గర ఉంచుకోరాదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. ప్రాస్పెక్టస్ కొనితీరాలనడం, రాబోయే సంవత్సరాల ఫీజు కూడా ముందే కట్టమనడం కూడా కూడదన్నది. చేరిన తరువాత మానుకున్నవారికి ప్రవేశాల గడువు నాటి నుంచి లెక్కగట్టి ఫీజు తిరిగి ఇవ్వాలి. గడువుకు పదిహేను రోజులు, అంతకుముందే మానుకుంటే దాదాపు పూర్తి మొత్తం, గడువు దాటి నెల గడిచాక అయితే ఏమీ రాదు. ఖరారైన ఫీజుకు మించి అడిగితే మాసబ్‌ట్యాంక్‌లోని ఫీజుల నియంత్రణ కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు.

ఖరారైన ఫీజు ఎంత, ప్రభుత్వ వంతు ఎంత, విద్యార్థి వంతు ఎంత అన్నది ప్రతి కళాశాల గేటు దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు కడితే సగం తగాదాలు అక్కడే తీరతాయి. ప్రభుత్వం బకాయిలు ఏటికేడు చెల్లిస్తే మిగతా సగమూ తీరతాయి. అధికారులు ఈ దిశగా ఆలోచించాలని తల్లిదండ్రులు కోరుతున్నారు.

ఆ హమాలీ మరుసటి రోజు పొద్దున్నే మళ్ళీ సిద్దిఅంబర్ బజార్‌లో బండి దగ్గరే ఉన్నాడు. బాకీ 1,500 తీర్చాలంటే ఇంకా ఎన్ని బస్తాలు మోయాలో లెక్క కట్టుకున్నాడు. ఆ లెక్క ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు.