సైరంధ్రీ వనం

తూర్పున సహ్యాద్రి శిఖరాలు, పడమట అరేబియా సముద్రం హద్దులుగా విస్తరించిన రాష్ట్రం కేరళ. సముద్రం మీది నుండి వచ్చే నైరుతి ఋతుపవనాలు ఈ పర్వతాలను తాకి పుష్కలంగా వర్షిస్తాయి. ఆ వర్షధారలతో పెరిగిన సతత హరితారణ్యాలలో ప్రసిద్ధమైనది పాలక్కాడ్ జిల్లాలోని సైలెంట్ వ్యాలీ.

స్థానికులు దీనిని సైరంధ్రీ వనమంటారు. విరాటుని కొలువులో ద్రౌపది ధరించిన పేరు సైరంధ్రి. ఈ అడవిలో ప్రవహించే నది పేరు కుంతి. పాండవులు ఇక్కడ సంచరించారని ప్రజల విశ్వాసం. కీచురాళ్ళ రొద వినిపించనందున ఆంగ్లేయులు దీనిని నిశ్శబ్ద లోయ అన్నారని చెబుతారు. పశ్చిమ కనుమలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా కనిపించని సింహపుతోక కోతులకు ఇది నిలయం. చెట్ల కొమ్మలపైనే జీవించే ఈ కోతులు నేలమీదికి అరుదుగా దిగుతాయి. అడవి మధ్యలో తెగిపోతే వాటికి దారి మూసుకుపోయినట్లే.

కుంతీ నదిపై జలవిద్యుత్ కేంద్రం నిర్మించడానికి 1973లో ప్రణాళికా సంఘం అనుమతినిచ్చింది. మలబారు ప్రాంతం విద్యుత్తు కొరతతో బాధపడుతున్న రోజులవి. పరిశ్రమలు రావాలన్నా, యువకులకు ఉపాధి దొరకాలన్నా విద్యుత్తు అవసరమే. కాని ఆనకట్ట కడితే సుమారు 830 హెక్టార్ల భూమి మునిగిపోతుంది.

ఈ నష్టాన్ని కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు గ్రామగ్రామానా వివరించింది. విద్యుత్తుకు ఇతర మార్గాలున్నాయని వాదించింది. సుగతకుమారి వంటి కవులు కలం పట్టారు. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ, వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ అడవిని కాపాడాలని కోరారు. ప్రధాని ఇందిరాగాంధీ ఈ విషయంలో శ్రద్ధ వహించారు. చివరకు 1983లో ప్రభుత్వం ఆ ప్రయత్నాన్ని విరమించుకొంది. 1984లో ఈ అడవి జాతీయ వనంగా ప్రకటితమైంది. మరుసటి సంవత్సరం ప్రధాని రాజీవ్ గాంధీ దానిని ప్రారంభించారు. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన పశ్చిమ కనుమల ప్రాంతాలలో ఇదీ ఒకటి.

విద్యుత్తు లేక ప్రజలు పడే ఇబ్బంది చిన్నదేమీ కాదు. అయితే విద్యుత్తును మరొకచోట, మరొక విధంగా ఉత్పత్తి చేసుకోవచ్చు. యుగాల తరబడి పెరిగిన అడవిని మరొకచోట నిర్మించుకోలేము. ఈ వివేకమే సైరంధ్రీ వనాన్ని నిలబెట్టింది. అడవి నిలిచింది కనుకనే కుంతీ నది నేటికీ నిర్మలంగా ప్రవహిస్తున్నది.