పడిన చెట్టు కొమ్మలు కొట్టడానికి ఏ చైన్ సా తీసుకోవాలి?



మా చేజర్ల, ఆత్మకూరు వైపు జామాయిల్, సుబాబుల్ కొట్టించినప్పుడు కటింగ్ వాళ్లకి కావాల్సింది మాను. కొమ్మలు, మండలు చేలోనే వదిలేసి పోతారు. చాలామంది నిప్పు పెట్టేస్తారు. మనకి మాత్రం అదంతా ఆచ్ఛాదన. (జామాయిల్ ఆకు పచ్చిగా మొలకల దగ్గర వేయకండి, మొలక దెబ్బతింటుంది.) అందుకే కొమ్మలు కొట్టే పని మన చేతికే వస్తుంది.

షాపుకి పోతే ముందు 58 సీసీ, 22 ఇంచుల బార్ ఉన్న మిషన్ చూపిస్తారు. మాను కొయ్యడానికి అది సరే. కొమ్మల పని వేరు. గంటలో వందసార్లు మిషన్ ఎత్తాలి, పక్కకి తిప్పాలి, దించాలి. చేతులు అలిసిపోయాక మిషన్ మోకాలి దగ్గరికి జారుతుంది. ప్రమాదం అక్కడే. 30 నుంచి 35 సీసీ, 12 లేదా 14 ఇంచుల బార్ చాలు. డబ్బా మీద రాసిన బరువు నమ్మకండి. సాధారణంగా అది బార్, చైన్, పెట్రోలు లేకుండా చెప్పే లెక్క. 4 కిలోలు అని ఉంటే చేతిలో 5 దాటుతుంది. అన్నీ బిగించి, పెట్రోలు పోయించి, షాపులోనే రెండు నిమిషాలు పట్టుకుని చూడండి. ముక్కు కిందికి వాలిపోతుంటే వద్దు.

నిమ్మ తోటలో మణికట్టు లావు కొమ్మలకైతే చిన్న బ్యాటరీ రంపం హాయి. కానీ చౌకవాటిలో చాలావాటికి చైన్ బ్రేక్ ఉండదు, నూనె మనమే చుక్కలు వేయాలి. పెట్రోలు మిషన్‌కి చైన్ బ్రేక్ లేకపోతే అసలు కొనొద్దు. బార్ కొస పై భాగం కొమ్మకి తగిలిందంటే మిషన్ ఒక్కసారిగా మొహం మీదికి లేస్తుంది.

ఇంకో సంగతి, మనవాళ్లు పెద్దగా పట్టించుకోనిది. చైన్‌కి పోసే నూనె వెనక్కి రాదు, మొత్తం రంపపు పొట్టుతో నేల మీదే పడుతుంది. ట్రాక్టర్ నుంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ పోస్తే అందులోని లోహాలు మన ఆచ్ఛాదనలోకి పోతాయి. జీవామృతం పోసే నేలలో ఆ మడ్డి ఎందుకు? నేను వేరుశనగ నూనె వాడుతున్నా. పని అయ్యాక బార్, చైన్ తుడవాలి, నెలల తరబడి ట్యాంకులో వదిలితే జిగురు కడుతుంది. పెట్రోలులో కలిపే 2టీ ఆయిల్ మాత్రం కంపెనీ పుస్తకంలో చెప్పిన కొలతే, మంచి ఆయిల్ అయితే ఎక్కువ మిషన్లకి లీటరుకి 20 మి.లీ.

కొట్టేటప్పుడు మాను మీకూ మిషన్‌కీ మధ్యలో ఉండాలి. మొదలు వైపు నుంచి కొన వైపు పోండి. వాలు నేలైతే పై వైపు నిలబడాలి. మానుని కింద నుంచి మోస్తున్న కొమ్మలు చివరికి వదలండి, ముందే కోస్తే మాను కాలి మీదికి దొర్లుతుంది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకి పడ్డట్టు గాలికి పడిన చెట్లయితే ఇంకా జాగ్రత్త. వంగి బిగిసిన కొమ్మ విల్లులాగా కొడుతుంది. దానికి ముందు వంపు లోపలి వైపు కొంచెం గాటు పెట్టి, తర్వాత బయటి వైపు నుంచి మెల్లగా కొయ్యండి.

లుంగీ, మెడలో తువ్వాలు వద్దు. బూట్లు, కళ్లద్దాలు తప్పనిసరి. పొట్టు బదులు దుమ్ములాంటి పొడి వస్తుంటే చైన్ మొద్దుబారినట్టు. చిన్న మిషన్ల 3/8 లో ప్రొఫైల్ చైన్‌కి 4 ఎంఎం ఆకురాయి ఎక్కువగా సరిపోతుంది. ఆకురాయి పట్టే కోణం వీడియోలో దగ్గరగా చూపించాను.