బంగారు ఏల్: డబ్బాలోంచి గ్లాసులోకి

డబ్బా మూత తీస్తే బంగారు రంగు ఎక్కడా కనిపించదు. లోపల ఉన్నది ముదురు బెల్లం పాకం లాంటిది. గరిటెతో ఎత్తితే తెగకుండా తీగలా జారుతుంది, వేలికి అంటించుకుని నాకితే ముందు తీపి, వెనకాలే చేదు. ఇంగ్లండులోనూ ఆస్ట్రేలియాలోనూ ఇంట్లో బీరు చేసుకునేవాళ్లు ‘కిట్’ అనేది దీన్నే. బార్లీ మాల్ట్ రసానికి హాప్స్ అనే పువ్వుల చేదు పట్టించి, నీళ్లు ఇగిర్చిన పాకమది. మూత కింద చిన్న ఈస్ట్ పొట్లం ఉంటుంది. మామూలు డబ్బా 1.7 కిలోలు. మరిగిన నీళ్లలో ఆ పాకాన్ని, కిలో పంచదారను కరిగించి, పెద్ద బిందెలో చన్నీళ్లతో 23 లీటర్లు చేసి, చల్లారాక ఈస్ట్ చల్లి, గ్యాసును బయటికి వదిలే గాలిమూత పెడతారు. పని అరగంటే. మిగతాదంతా ఎదురుచూపు.

మాల్ట్ మనకు కొత్తది కాదు. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తామే, ఆ రాగి మాల్ట్ వెనకున్న సూత్రమే ఇదీ. మొలకెత్తే గింజ తనలోని పిండిని చక్కెరగా విడగొట్టే ఎంజైములను తయారుచేసుకుంటుంది. బార్లీ మొలకను సరిగ్గా ఆ దశలో ఆపేస్తారు. బీరు రంగు చాలావరకు ఆ తర్వాత తగిలే వేడిలోనే తేలిపోతుంది. నల్లగా వేగిన మాల్ట్ కలిపితే స్టౌట్ అనే నల్ల బీరు, సన్నని వేడి మీద ఆరినదైతే బంగారు ఏల్ అనే లేతరంగు బీరు. పూర్వం ఇంగ్లండులో కట్టెల మంట మీద ఆరబెట్టిన మాల్ట్‌కు రంగూ పొగవాసనా రెండూ పట్టేవి. 17వ శతాబ్దంలో పొగరాని కోక్ బొగ్గు వాడకంలోకి వచ్చాకే లేతరంగు మాల్ట్ నిలకడగా చేయడం కుదిరింది.

అయినా ‘గోల్డెన్ ఏల్’ అనే రకం వయసు నలభై ఏళ్లే! ఇంగ్లండు ఏల్‌లు అప్పటిదాకా ఎక్కువగా రాగిరంగువి, గోధుమరంగువి. కుర్రకారు లేతరంగు లాగర్ బీరు వైపు మళ్లుతున్న రోజుల్లో, 1986లో, సోమర్సెట్‌లోని వివెలిస్కోంబ్ అనే చిన్న ఊళ్లో ఎక్స్‌మూర్ బ్రూవరీ తన వెయ్యో విడత కాపుకు గుర్తుగా ‘ఎక్స్‌మూర్ గోల్డ్’ చేసింది. ఈ రకానికి తొలి గుర్తుగా చాలామంది చెప్పేది దాన్నే. ఏల్ ఈస్ట్ ఇచ్చే పండ్ల వాసన, లాగర్‌లా కంటికింపైన రంగు ఒకే గ్లాసులో దొరికాయి.

డబ్బా కొనేటప్పుడు నేను మొదట చూసేది తేదీ. మాల్ట్ పాకం అల్మరాలో కూర్చున్నకొద్దీ నల్లబడుతుంది. స్టౌట్ చేసేవాళ్లకు దాంతో పేచీ లేదు. బంగారు ఏల్ కావాలంటే మాత్రం తాజా డబ్బా కావాలి.

చేదు ఇచ్చే హాప్స్ గంజాయి కుటుంబానికి చెందిన తీగకు పూసే పువ్వులు. బీరును పాడుచేసే కొన్ని బ్యాక్టీరియాలను ఆపే గుణం ఆ చేదులో ఉంది. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో ఈ తీగ సాగుచేశారు.

రెండో రోజు పొద్దున్నే బిందె మీద చెయ్యి వేసి చూడాలి. గోరువెచ్చగా తగులుతుంది. లోపల నాలుగు వేళ్ల మందాన నురగ, గాలిమూతలోంచి ఆగకుండా బుడుగు బుడుగుమని చప్పుడు. మా అత్తయ్య మా ఇంటికి వచ్చినప్పుడు బిందె ఉన్న అల్మరా తలుపు తీసి, ‘ఏమ్మా, ఇడ్లీపిండి పొంగినట్టుందే, చూసుకున్నావా’ అంది. తాటిచెట్టు కింద కుండలో కల్లును పొంగించేదీ చాలావరకు ఈస్టే. తేడా ఏమిటంటే, అక్కడ అది గాలిలోంచి, చెట్టు మీది నుంచి దానంతటదే వచ్చి చేరుతుంది. ఇక్కడ ఎంచి తెచ్చిన జాతిని మనమే చల్లుతాం. 1883లో కోపెన్‌హాగన్ కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్ట్ పెంచి చూపించాకే ఆ ఎంపిక సాధ్యమైంది. పొట్లంలోని ఎండు ఈస్ట్ గ్రాముకు 500 కోట్లకు పైగా కణాలు. అవి కిలో పంచదారను తినేసి వదిలే బొగ్గుపులుసు వాయువు 250 లీటర్లు దాటుతుంది. గాలిమూత ఎందుకంత హడావిడి పడుతుందో ఆ లెక్క చూస్తే తెలుస్తుంది. గది 18 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంటే ఏల్ ఈస్ట్ నెమ్మదిగా, శుభ్రంగా పనిచేస్తుంది. బాగా వేడెక్కితే రుచిలో ఘాటు దిగుతుంది. ముదురు బీర్లలో వేగిన మాల్ట్ కొంత తప్పు దాస్తుంది, లేతరంగు ఏల్ ఏదీ దాచదు. గిన్నె కడగడంలో చూపిన అశ్రద్ధ కూడా నాలిక్కి తెలిసిపోతుంది. అందుకే ఇందులో సగం పని తోముడే అంటాను నేను.

పాలకేంద్రంలో లాక్టోమీటర్ చూసినవాళ్లకు, పులియడం ఎంతవరకు వచ్చిందో చెప్పే హైడ్రోమీటర్ వెంటనే అర్థమవుతుంది. చక్కెర ఉన్న నీళ్లలో పైకి తేలుతుంది, చక్కెర అయిపోయినకొద్దీ మునుగుతుంది. కిట్ కలిపిన రోజు అది దాదాపు 1.039 చూపిస్తుంది, చివరికి 1.008 దగ్గర ఆగుతుంది. ఆ తేడాను 131తో హెచ్చిస్తే ఆల్కహాలు శాతం, అంటే సుమారు నాలుగు. రెండు మూడు రోజులు వరసగా అదే అంకె ఉంటేనే సీసాల్లో పోయాలి. మొదటి విడతలో బుడగలు ఆగాయి కదా అని నేను అంకె చూడకుండా సీసాలు నింపేశాను. పదో రోజు నడిరాత్రి అల్మరాలో గాజు పగిలిన చప్పుడు. తలుపు తీస్తే అర అంతా తడి, గాజుపెంకులు చొక్కాల మడతల్లోకి కూడా దూరాయి. అప్పుడు అక్కడ ఎవరూ లేకపోవడం అదృష్టం. లోపల చక్కెర మిగిలి ఉండగా సీసా బిగిస్తే ఈస్ట్ పని ఆపదు, గ్యాసుకు దారి ఉండదు.

అంత ముచ్చటైన రంగును తెల్లసీసాలో చూసుకోవాలని ఎవరికైనా ఉంటుంది. దయచేసి ఆ పని చేయకండి. వెలుతురు తగలగానే బీరులోని బి2 విటమిన్ హాప్స్ చేదును విడగొట్టి గంధకపు పదార్థాన్ని పుట్టిస్తుంది. అమెరికాలో స్కంక్ అనే జంతువు వదిలే కంపుకు అది దగ్గర చుట్టం. ఎండలో నిమిషాలు చాలు. గోధుమరంగు గాజే దీనికి నమ్మకమైన కాపలా.

ఇక చట్టం సంగతి. ఇంగ్లండులో 1880 నుంచి ఇంటి బీరుకూ లైసెన్సు కావలసివచ్చేది. 1963 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ దాన్ని ఎత్తేశాడు. సొంతానికైతే సరే, అమ్మకూడదు. ఆ తర్వాత బూట్స్ మందుల షాపుల్లో కూడా కిట్లు అమ్మారు. అమెరికాలో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఇంటి బీరును అనుమతించే చట్టం మీద 1978లో సంతకం చేసినా, మిసిసిపీ, అలబామా రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోలేదు. 2012లో ఒబామా వైట్‌హౌస్ తన తేనె ఏల్ తయారీ విధానాన్ని అందరికీ విడుదల చేసింది. తేనె తోటలోని పట్టుదే. మూలం మాత్రం లేతరంగు మాల్ట్ పాకమే! ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాస్తే ఎక్సైజు చట్టం ప్రకారం నేరం, కాబట్టి అక్కడివాళ్లకు ఇది చదువుకునే ముచ్చటే.

సీసాకు అర చెంచా పంచదార వేసి బిగించాక రెండు వారాలు వెచ్చగా, ఆపై మరికొన్ని వారాలు చల్లగా ఉంచాలి. అడుగున ఈస్ట్ మడ్డి పలచగా పేరుకుంటుంది. పోసేటప్పుడు సీసాను ఒక్కసారే వంచి, మధ్యలో నిలబెట్టకుండా, గ్లాసు గోడ వెంబడి మెల్లగా జారనివ్వాలి. మడ్డి మెడ దాకా వచ్చిందనగానే ఆపేయాలి. చివరి రెండు గుక్కలు సీసాలోనే ఉండనివ్వండి, గ్లాసు అవతల మీ వేళ్లు స్పష్టంగా కనిపిస్తాయి.