వరద నీరు - పల్లపు వాడలు

“నీరు పల్లమెరుగు” నని మన సామెత. వాన ధనికులపై, పేదలపై ఒకేరీతిగా కురిసినను నీరు చేరునది పల్లమునకే. పల్లపు నేల చౌక. కనుక అచట పేదలే ఎక్కువగా నివసింతురు.

1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో హైదరాబాదున వేలమంది మరణించిరి. విశ్వేశ్వరయ్యగారి సలహాపై, వరదను ఎగువనే నిలుపుటకు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నిర్మింపబడినవి. కాని అవి నదినే అదుపుచేయును; నగరపు చెరువులను కాదు. 2020 అక్టోబరులో గుర్రంచెరువు కట్ట తెగి, పాతబస్తీలోని హఫీజ్‌బాబానగర్‌లో సామాన్యుల ఇండ్లు మునిగినవి.

2005లో కత్రినా తుపాను అమెరికాలోని న్యూఆర్లియన్స్‌ను ముంచినప్పుడు పండితులు పత్రికలకు ఇదే చెప్పిరి: తుపాను ప్రకృతి తెచ్చినది; పేద నల్లజాతివారు పల్లపువాడలలో ఉండుట, వాహనము లేక నగరము వీడలేకపోవుట సంఘము తెచ్చినవి.

వానను ఆపజాలము. చెరువుకట్టను కాపాడుట, పల్లపువాడకు ముందుగా హెచ్చరిక పంపుట మన చేతిలోని పనులే.