నొప్పి నణచు వాయువు

పంటిపోటుచే రాత్రియంతయు మేలుకొనిన వారికి బాధ యన నేమో వేరుగ చెప్ప నక్కరలేదు. పూర్వ మట్టి పంటిని మత్తు లేకయే పెరికించుకొనవలసి యుండెను. ఆ బాధను తొలగించుటకు మొదట తోడ్పడిన వాయువులలో నొకటి నైట్రస్ ఆక్సైడు. దీనికి రంగు లేదు. కొంచెము తియ్యని వాసన కలదు. పీల్చినవారు నవ్వుదురు గనుక దీనిని నవ్వు వాయువనియు నందురు.

1772లో జోసెఫ్ ప్రీస్ట్లీ దీనిని కనుగొనెను. 1800లో హంఫ్రీ డేవీ స్వయముగా పీల్చి చూచి, యిది శస్త్రచికిత్సల యందు ఉపకరింపవచ్చునని వ్రాసెను. కాని నలువది యేండ్లకు పైగా ఆ మాటను లక్ష్యపెట్టిన వారు లేరు. వాయువు వినోద ప్రదర్శనముల పాలయ్యెను.

1844 డిసెంబరు 10వ తేదీన అమెరికాలోని హార్ట్‌ఫర్డు పట్టణమున అట్టి ప్రదర్శన మొకటి జరిగెను. వాయువు పీల్చిన యువకు డొకడు కాలికి గాయము తగిలినను నొప్పి యెరుగకుండుట దంతవైద్యుడగు హోరెస్ వెల్సు చూచెను. మరునాడే తాను వాయువు పీల్చి తన పంటినే పెరికించుకొనెను. 1845లో బోస్టను నగరమున పలువురి యెదుట ప్రయోగించినప్పుడు మాత్రము రోగి కేక వేసెను. చూపరులు వెల్సును హేళన చేసిరి. ఆ యవమానము నతడు మరువజాలకపోయెను, 1848లో మరణించెను.

ఆ కేకకు కారణ మేమి? వాయువు చాలినంత యందకమునుపే సంచి తీసివేసిరని చెప్పుదురు. మరియొక సంగతియు కలదు. ఈ వాయువు నొప్పిని చక్కగా నణచును గాని, గాఢమైన మత్తు కలిగించుటకు దీని బలము చాలదు. ఎక్కువగా నిచ్చెద మన్నచో ఆక్సిజనునకు చోటు లేక ప్రాణాపాయము కలుగును. అందుచేత 1868లో చికాగో వైద్యుడు ఎడ్మండ్ ఆండ్రూస్ దీనిలో ఆక్సిజను కలిపి యిచ్చు పద్ధతిని ప్రకటించెను.

నేటి మత్తు వైద్యులును ఆక్సిజనుతో కలిపియే, యితర మందులకు తోడుగా దీని నుపయోగింతురు. రక్తమున స్వల్పముగనే కరగును గనుక త్వరగా పనిచేయును, త్వరగా విడిచిపోవును. ప్రసవవేదన పడు స్త్రీలకు ఆక్సిజనుతో సమపాళ్లుగ కలిపి యిచ్చుటయు కలదు.

దోషములును లేకపోలేదు. శరీరములో చిక్కిన గాలిని యిది ఉబ్బించును. బి12 విటమినును చెరచును. భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు వాయువునకు సుమారు 270 రెట్లు. కావున పలు ఆసుపత్రులు దీని వాడుకను తగ్గించుచున్నవి.

బాలబాలికలారా! నవ్వు కొరకు దీనిని పీల్చుట తగదు. అట్లు చేసి నరములు చెడినవారును, ప్రాణములు గోల్పోయినవారును కలరు. వెల్సు దీని గుణమును గుర్తించెను. దీని హద్దు తెలియుటకు మరికొంత కాలము పట్టెను. ఆ రెండును తెలిసిన వైద్యుని చేతనే యిది మేలు చేయును.