ఉత్తరం రాస్తే... జవాబు వచ్చేది!

ట్రాన్సిస్టర్ రోజులు మీకు గుర్తున్నాయా? శ్రీలంక కేంద్రం నుంచి మీనాక్షీ పొన్నుదురై గారు వినిపించే తెలుగు పాటల కోసం ముల్లు అటూ ఇటూ జరుపుతూంటే, గరగరల మధ్య ఎక్కడో ఇంకో తెలుగు గొంతు తగిలేది. ఒక పాట, ఒక చిన్న కథ, ఓ ప్రార్థన. అన్నీ కలిపి పావుగంటో, అరగంటో. ఆఖర్న మాత్రం ఒక చిరునామా చదివేవాళ్లు... కాగితం, కలం దగ్గర పెట్టుకోమని చెప్పి మరీ! మాది చర్చికి వెళ్లే ఇల్లు కాదు. అయినా ఆ గొంతులోని నిదానానికి మా అమ్మ ముల్లు కదపకుండా వింటూ ఉండిపోయేది.

ఆ ప్రసారాలు ఏ మద్రాసు నుంచో వస్తున్నాయనుకునేవాళ్లం. కాదు. హిందూ మహాసముద్రంలో చుక్కల్లా ఉండే సీషెల్స్ దీవుల నుంచి! ఫెబా అనే క్రైస్తవ రేడియో సంస్థ 1970లో అక్కడ ప్రసారాలు ప్రారంభించింది. అంతకు ముందు ఏడాదే, 1969లో, ఫిలిప్పీన్స్‌లో కథోలికుల రేడియో వెరితాస్ ఆసియా మొదలైంది. ట్రాన్స్ వరల్డ్ రేడియో వాళ్లు మనకి కాస్త దగ్గర్లో, శ్రీలంకలోని పుత్తళం కేంద్రాన్ని ఎంచుకున్నారు.

ఇంత దూరాభారం ఎందుకంటారా? మన దేశంలో రేడియో చాలాకాలం పూర్తిగా ప్రభుత్వం చేతిలోనే ఉంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పింది 1995లో. ఆ తర్వాత ప్రైవేటు ఎఫ్.ఎం.లు వచ్చాయిగానీ, మత సంస్థలకు లైసెన్సు ఇవ్వకూడదని నిబంధన పెట్టారు. ఒక మతానికని కాదు, అన్నిటికీ అంతే. అందుకే కార్యక్రమం ఇక్కడ తయారుచేసి, టేపు విదేశానికి పంపి, అక్కణ్ణుంచి మనకి వినిపించడం!

అమీర్‌పేట నుంచి బేగంపేట మీదుగా సికింద్రాబాదు వైపు వెళ్తూంటే సర్దార్ పటేల్ రోడ్డులో అమృతవాణి కనిపిస్తుంది. తెలుగు కథోలికుల ప్రసార మాధ్యమ కేంద్రం అది. ఇక్కడ రికార్డు చేసిన తెలుగు మాటలు మనీలా వెళ్లి, ఆకాశంలో వందల కిలోమీటర్ల ఎత్తునున్న పొరకు తగిలి, తిరిగి మన వంటింట్లోకి దిగేవన్నమాట. షార్ట్‌వేవ్ పద్ధతే అది. చీకటి పడ్డాక బాగా వినిపించేది, ఒక్కోసారి కెరటంలా పైకి లేచి కిందికి పడిపోయేది.

వినడం సరే. నాకు ఆసక్తి కలిగించింది ఆ చిరునామా సంగతి. పంజాగుట్టలో ఉండే ఓ పెద్దావిడ ఇలాంటి రేడియో సంస్థకు వచ్చే ఉత్తరాలకు కొన్నేళ్లపాటు జవాబులు రాశారు. పేరు వద్దన్నారు. ఉత్తరాల్లో దేవుడి గురించి అడిగేవి కొన్నేనట! తాగొచ్చి కొట్టే భర్త, పెళ్లయి ఏడేళ్లయినా కడుపు పండలేదని అత్తగారి దెప్పుళ్లు, పిల్లాడికి వచ్చే మూర్ఛ... పుట్టింటికి కూడా చెప్పుకోలేని సంగతులు ముక్కూ మొహం తెలియని గొంతుకి రాసేవాళ్లు. కార్డు మీద రాస్తే పోస్ట్‌మాన్ దగ్గర్నుంచీ అందరూ చదువుతారని ఇన్‌లాండ్ లెటర్‌లో, మడత మీద మెతుకులతో అదనంగా అంటించి మరీ!

ఆ రోజుల్లో ఆడవాళ్ల కష్టం అడిగి తెలుసుకునేవాళ్లు ఎవరున్నారు చెప్పండి? 1997లో ట్రాన్స్ వరల్డ్ రేడియోలో మార్లీ స్పీకర్ అనే ఆవిడ ప్రాజెక్ట్ హన్నా పేరుతో అచ్చంగా స్త్రీల కోసమే కార్యక్రమాలు మొదలుపెట్టారు. తర్వాత అవి ఎన్నో భాషల్లోకి వెళ్లాయి.

అయితే జవాబులో ఏం రాయాలి? ప్రార్థన చేస్తామని రాస్తే మూర్ఛ తగ్గదు కదా! మాత్ర కావాలి, డాక్టరు కావాలి. పెద్దావిడ ముందు దగ్గర్లోని ఆసుపత్రి పేరు రాసి, ఆ తర్వాతే మిగతాది రాసేవారట. అమీర్‌పేట దాటితే ఎర్రగడ్డలో సెయింట్ థెరిసా ఆసుపత్రి ఉంది. దాన్ని నడిపే జె.ఎం.జె. సిస్టర్లు 1904లో హాలెండు నుంచి గుంటూరు ప్రాంతానికి వచ్చినవాళ్లు.

ఇక్కడే మనలో చాలామందికి ఓ అనుమానం వస్తుంది. సాయం పేరుతో మతంలోకి లాగుతారా అని. ఆవిడని మొహమాటపడకుండా అడిగేశాను. కోపం తెచ్చుకోలేదు. అలాంటివాళ్లూ ఉన్నారని, తనకీ అది నచ్చదని చెప్పారు. నా మట్టుకు నాకు, ఆకలితో ఉన్నవాళ్లకి షరతు పెట్టి పెట్టేది అన్నం కాదు, బేరం. ఆ బేరం ఏ మతంవాళ్లు చేసినా అంతే. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసిన తర్వాత, చర్చిల సేవాసంస్థ కాసా కోస్తా పొడవునా తుఫాను షెల్టర్లు కట్టించింది. గాలివాన వచ్చిన రాత్రి వాటి గుమ్మం దగ్గర కులం, మతం అడిగే తీరిక ఎవరికుంటుంది?

ఫెబా సీషెల్స్ ప్రసారాలు 2003లో ఆగిపోయాయి. వెరితాస్ షార్ట్‌వేవ్ 2018లో మూగబోయింది. ఇప్పుడు అంతా మొబైల్ ఫోన్లోనే. పంజాగుట్ట పెద్దావిడకి ఇప్పటికీ కొందరు శ్రోతలు వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపిస్తారు. పూర్వం చదువురాని ఆడవాళ్లు పక్కింటి పిల్లాడి చేత ఉత్తరం రాయించుకునేవారు. వాడి ముందు అసలు సంగతి ఎలా చెబుతారు? పైపైన రాయించేవాళ్లు. ఇప్పుడు తమ గొంతుతోనే, ఏడుపుతో సహా చెప్పేస్తున్నారు.

సొంత ఫోను ఉన్నవాళ్ల సంగతి ఇది. ఫోను కొడుకు జేబులోనో, మొగుడి తలగడ కిందో ఉండే ఇళ్లలోంచి మాత్రం ఆవిడకి ఇప్పుడు ఏ కబురూ రావడం లేదు.