కూతకు వెళ్ళే మన పిల్లవాడు

2025 ఆగస్టు 29, శుక్రవారము. మా సంఘములో ఆ సాయంత్రము యౌవనస్థుల కూటము ఉంది. ఎప్పుడూ ఇరవైమందికి తక్కువ కాకుండా వచ్చే పిల్లలు ఆ రోజు ఐదుగురే వచ్చారు. మిగతావారేరి అని అడిగితే, వచ్చిన ఐదుగురూ ఒకరి ముఖము ఒకరు చూసుకొన్నారు. చివరికి ఒక చెల్లి, "కబడ్డీకెళ్ళారండి అయ్యగారూ" అంది.

ప్రో కబడ్డీ లీగు పన్నెండవ సీజను ఆ రాత్రే విశాఖపట్నములో మొదలైంది. 2018 తరువాత ఆ పోటీలు మన పట్టణానికి రావడము మళ్ళీ అదే. మన తెలుగు టైటాన్స్ జట్టు, తమిళ్ తలైవాస్ జట్టు తొలి ఆట ఆడాయి. నాకు కోపము వచ్చిందని మీరనుకొంటారేమో, రాలేదు. కూటము ముగించి ఇంటికి పోయి, భోజనము పళ్ళెము చేతిలో పెట్టుకొని చివరి భాగము నేనూ టీవీలో చూశాను. 35-38తో మనవారు ఓడిపోయారు. మా అబ్బాయి ఆ రాత్రి సరిగా తినలేదు.

ఆ ఆటలో ఒక సంగతి మాత్రము నన్ను ఆలోచనలో పెట్టింది. తలైవాస్ పక్షాన నిలిచినవారిలో పవన్ సెహ్రావత్ ఉన్నాడు. 2023 వేలములో తెలుగు టైటాన్స్ వారు రెండు కోట్ల అరవై లక్షలకు పైగా పెట్టి కొన్నది ఇతనినే. రెండు సీజన్లు మన జట్టుకు నాయకుడు. మా వీధి పిల్లలు అతని పేరు చెప్పుకొని తొడ కొట్టేవారు. ఇప్పుడు అదే పిల్లలు, అతడు కూతకు రాగానే "పట్టండి, పట్టండి" అని కేకలు వేస్తున్నారు. అతనిది తప్పు కాదు, పిల్లలదీ తప్పు కాదు. అయితే వాళ్ళు ప్రేమించినది ఎవరిని? మనిషినా, చొక్కా రంగునా?

చదువరులారా, ఆటలను గూర్చి పాస్టరుకెందుకని కొందరు పెద్దలు అనవచ్చు. చిన్నప్పుడు నేను కూడా "చెడుగుడు ఆడేవాడు చెడిపోతాడు" అనే మాట విన్నవాడినే. ఆ పెద్దలకు ఒక్క సంగతి మనవి చేస్తాను. మన పిల్లలు బడిలో ఆడే బాస్కెట్‌బాల్‌ను 1891లో, వాలీబాల్‌ను 1895లో కనిపెట్టినది అమెరికాలో వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువజన సంస్థలో పనిచేసిన ఉపాధ్యాయులే. మద్రాసులో 1920లో వ్యాయామ ఉపాధ్యాయుల కళాశాల ప్రారంభించిన హ్యారీ బక్ దొరగారు కూడా ఆ సంస్థవారే. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసినప్పుడు పందెపు రంగమును ఉపమానముగా తీసుకొన్నాడంటే, ఆ ఊరివారు ఏమి చూడడానికి పరుగెత్తేవారో ఆయనకు బాగా తెలుసునన్నమాట.

ఇక నా సంగతి. 1998లో నేను విశాఖలో డిగ్రీ చదువుతున్నాను. కళాశాలల మధ్య కబడ్డీ పోటీలంటే మాకు పండుగ. ముగ్గురము ఒక సైకిలు మీద పోయేవాళ్ళము. మట్టి కోర్టు, సున్నముతో గీసిన గీతలు, చుట్టూ తాడు, తాడు బయట మేము. మా జట్టులో ఏడుగురి పేర్లే కాదు, ఎవడు ఏ ఊరివాడో, ఎవడి తండ్రి పోర్టులో కలాసీయో, ఎవడు హాస్టలు మెస్సులో బాకీ ఉన్నాడో అన్నీ తెలుసు. మా రైడరు కూత పెట్టి అవతలి గీత దాటితే మా ఊపిరి కూడా ఆగిపోయేది. వాడు ఓడితే మరునాడు తరగతిలో పక్క బెంచీలో తల వంచుకొని కూర్చునేవాడు. వాడిని మేమే ఓదార్చాలి. అభిమానమంటే నాకు తెలిసినది అది.

స్టీలు ప్లాంటు చుట్టుపక్కల మరొకటి చూశాను. ప్లాంటు కొరకు అనేక గ్రామములు లేచిపోయి, పునరావాస కాలనీలుగా మారిన సంగతి మన జిల్లావారికి చెప్పనక్కరలేదు. అటువంటి ఒక కాలనీ జట్టు సంక్రాంతి పోటీలకు తమ పాత ఊరి పేరుతోనే దిగేది. ఆ ఊరు ఎక్కడా లేదు. చొక్కా వీపు మీద మాత్రమే ఉంది. ఆ ముసలివాళ్ళు కోర్టు పక్కన కూర్చొని ఆ పేరు పిలుస్తుంటే, గెలుపోటముల ఊసు నాకు జ్ఞాపకము లేదుగాని, ఆ కేక జ్ఞాపకము ఉంది.

ఇప్పుడు ఆట ఎంత మారిందో చూడండి. పాత చెడుగుడులో ఊపిరి ఎంతసేపు నిలిస్తే అంతసేపు కూత. ఇప్పుడు ముప్పయి సెకండ్లు, గడియారము చూస్తుంది. మట్టి పోయి మ్యాట్ వచ్చింది. రెండు కూతలు వరుసగా ఖాళీగా వస్తే మూడవది చావో రేవో, పాయింటు తేకపోతే రైడరు అవుటు. ముగ్గురో అంతకన్న తక్కువమందో మిగిలినప్పుడు రైడరును పట్టితే ఒక పాయింటు అదనము. ఇవన్నీ టీవీ ముందు కూర్చున్నవాడు కన్ను తిప్పకుండా ఉండడానికే. అది ఫలించింది కూడా. 2014 జూలై 26న లీగు మొదలైన మొదటి ఏడే క్రికెట్టు లీగు తరువాత దేశములో ఎక్కువమంది చూసిన పోటీ ఇదే అయింది. ఆ మొదటి ఏడు వేలములో అత్యధిక ధర పన్నెండు లక్షల ఎనభై వేలు, 2018కి కోటి దాటింది, 2023కి రెండు కోట్ల అరవై లక్షలు దాటింది. 1990లో బీజింగులో ఆసియా క్రీడల్లో కబడ్డీ చేరిన నాటి నుండి స్వర్ణము మనదే అనుకొన్న మనకు, 2018లో ఇరాను పురుషులు, స్త్రీలు ఇద్దరూ బుద్ధి చెప్పారు. అది కూడా ఆట ఎదిగినందుకు గుర్తే. హాంగ్‌జౌలో 2023లో ఆ రెండు స్వర్ణములు మళ్ళీ మనకే దక్కాయి.

ఇందులో మేలు లేదని నేను అనను. కూలివాని కుమారుడు తొడ కొట్టి ఇల్లు కట్టుకొన్నాడంటే సంతోషించనివాడు ఎవడు? వెనుకటి రోజుల్లో కబడ్డీ ఆటగానికి రైల్వేలోనో, పోలీసు శాఖలోనో, ఏదైనా ప్రభుత్వ సంస్థలోనో క్రీడల కోటాలో ఉద్యోగము దొరికితే అదే మహాభాగ్యము. కాని మన జట్టు పేరు తెలుగు టైటాన్స్ అయినా, దానిలో పేరు మోసినవారు ఎక్కువగా ఉత్తరాదివారే. మొదటి అయిదేళ్ళు మన పిల్లలకు దేవుడిలా కనబడిన రాహుల్ చౌదరిది ఉత్తరప్రదేశ్. అతడు మనలను ఎంతో సంతోషపెట్టాడు, అది వేరు. మన గోదావరి, విశాఖ, శ్రీకాకుళము పల్లెల్లో ఇన్ని కోర్టులుండగా మనవారు ఆ మ్యాట్ మీదికి ఎందుకు ఎక్కువగా ఎక్కలేకపోతున్నారు? నాకు తోచిన కారణము ఒకటి: మట్టి మీద పాదము పెట్టినవాడు, బూట్లు వేసుకొని మ్యాట్ మీద తిరగడము ఇరవయ్యో ఏట నేర్చుకొంటే ఆలస్యమే. ఆ మ్యాట్ పల్లెలో ఉండదు, చాలా కళాశాలల్లోనూ ఉండదు.

మా సంఘములో ఒక సహోదరి కుమార్తె అమెరికాలో మిషిగన్ రాష్ట్రములో చదువుతోంది. అక్కడి కళాశాల ఫుట్‌బాల్ సంగతి తల్లికి ఫోనులో చెప్పింది. మన ఫుట్‌బాల్ కాదు, కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చేతబట్టి పరుగెత్తే ఆట. శనివారము నాడు ఒక విశ్వవిద్యాలయపు మైదానానికి లక్షకు పైగా జనము వస్తారట. "కాలేజీ కుర్రాళ్ళ ఆటకు లక్షమందేటే!" అని ఆ తల్లి నమ్మలేదు. నిజమే, అక్కడి మిషిగన్ స్టేడియములో లక్షా ఏడు వేలకు పైగా కూర్చోవచ్చు. తాత, తండ్రి, మనుమడు ఒకే కళాశాల చొక్కా వేసుకొని వస్తారు. నూరేళ్ళకు పైబడి ఇలా సాగింది. కుర్రవాళ్ళకు చదువు, తిండి, వసతి దొరికేవి గాని జీతము లేదు. టీవీ సొమ్ము మాత్రము కళాశాలలకు కోట్లలో వచ్చేది. అది అన్యాయమని కుర్రవాళ్ళు కోర్టులకెక్కారు. 2021 నుండి తమ పేరుతో ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చునన్నారు. 2025 జూన్‌లో కోర్టు ఒప్పుదలతో కళాశాలలే వారికి నేరుగా సొమ్ము పంచవచ్చును, ఒక్కొక్క కళాశాల ఏడాదికి సుమారు రెండు కోట్ల డాలర్ల వరకు.

న్యాయము జరిగింది. కాని దానితోపాటే మరొకటి జరిగింది. కుర్రవాళ్ళు ఏటేటా కళాశాల మార్చవచ్చును. నిరుడు మన పక్షాన ఆడినవాడు ఈ ఏడు అవతల పక్షము. టీవీ సొమ్ము కొరకు కళాశాలలే పాత కూటములు విడిచిపోయాయి. పడమటి తీరములో నూరేళ్ళకు పైబడిన పోటీల సంఘము నుండి 2024లో పది విశ్వవిద్యాలయములు వెళ్ళిపోతే రెండే మిగిలాయి. పక్క ఊరితో ఆడవలసినవాళ్ళు మూడువేల మైళ్ళు విమానము ఎక్కుతున్నారు. అక్కడి అభిమానులు కూడా, "ఈ కుర్రవాళ్ళెవరో మాకు తెలియడము లేదు" అంటున్నారని ఆ అమ్మాయి చెప్పింది. మా వీధి పిల్లల కథ, లక్షమంది కూర్చునే మైదానము కథ ఒకటే అయినందుకు నాకు ఆశ్చర్యము కలిగింది.

ఇదంతా ఇప్పుడెందుకు వ్రాస్తున్నానంటే, ఒక తండ్రి నా దగ్గరకు వచ్చాడు. పేరు వ్రాయను. ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. కుమారుడు డిగ్రీ రెండవ సంవత్సరము, కళాశాల జట్టులో రైడరు, మంచి ఎత్తరి. ఎవరో శిక్షకుడు చూసి, చదువు మానిపించి దూరముగా ఉన్న ప్రైవేటు అకాడమీలో చేర్చమన్నాడట. రుసుము, హాస్టలు, పాలు, గుడ్లు అన్నీ లెక్క వేస్తే ఆ ఇంటి ఆదాయమంతా చాలదు.

"అయ్యగారండీ, ఆడు ఎల్లిపోతానంటన్నాడండి. ఆడమ్మ పుస్తెలు తాకట్టెట్టేద్దారంటంది. మీరు ఏటి సెప్తే అదే సేత్తాం" అన్నాడు.

అంత బరువు నా మీద పెట్టేసరికి నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి నిద్రా పట్టలేదు. వెళ్ళమంటే, మోకాలు ఒక్కసారి మెలిపడితే? పవన్ సెహ్రావత్‌నే చూడండి. 2022లో రెండు కోట్ల ఇరవై ఆరు లక్షలకు అమ్ముడుపోయి, మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతిని సీజనంతా బయట కూర్చున్నాడు. అంతటివాడు కనుక మళ్ళీ లేచాడు. వైద్యము చేయించే జట్టు ఉంది. ఈ పిల్లవానికి ఎవరున్నారు? వెళ్ళవద్దంటే, దేవుడిచ్చిన ఊపిరిని, కాళ్ళను కాంట్రాక్టరు గేటు దగ్గర నిలబెట్టినవాడిని నేనే అవుతానేమో.

మరునాడు పిల్లవానినే పిలిచాను. అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చి అడిగాను. వాడు తడుముకోకుండా చెప్పాడు. "అయ్యగారూ, మా ఆటకి ఎవరొత్తారండీ? మొన్న కాలేజీల మధ్య పోటీలైతే చూసినోళ్ళు పద్నాలుగుమంది. లెక్కెట్టానండి. అకాడమీ అయితే ఎవరో ఒకరు చూత్తారు కదండీ."

ఆ మాట నాకు గుచ్చుకొంది. వాడు డబ్బు మాట ముందు అనలేదు. చూసేవాళ్ళు లేరన్నాడు. మా కాలములో తాడు బయట తోసుకొన్న జనము ఇప్పుడు ఇంట్లో సోఫాలో కూర్చొని వేలములో కొన్నవారిని చూస్తోంది. నేనూ వారిలో ఒకడినే, పళ్ళెము చేతిలో పెట్టుకొని. పై మెట్టు వెలిగిపోతోంది, క్రింది మెట్టు మీద దీపము లేదు. రేపు పై మెట్టుకు పిల్లలు ఎక్కడి నుండి రావాలి?

తండ్రికి నేను చెప్పినది ఇది: పుస్తెలు తాకట్టు పెట్టవద్దు. డిగ్రీ పూర్తి కానివ్వండి. ఆఖరి సంవత్సరము వరకు కళాశాల పక్షాన, ఎంపికైతే విశ్వవిద్యాలయము పక్షాన ఆడనివ్వండి. విశ్వవిద్యాలయాల మధ్య పోటీలకు ఇరవై అయిదేళ్ళ వరకు వయస్సు ఉంది, తొందర లేదు. అక్కడ ఆడిన పత్రము రైల్వేకు గాని మరొక దానికి గాని పనికివస్తుంది. ఈలోగా లీగువారి కంట పడితే మంచిదే. నా మాట సరియైనదో కాదో నాకింకా తెలియదు. ఆ తల్లి నా మీద కొంచెము అలిగిందని విన్నాను.

ఆదివారపు ఆటల సంగతి కూడా అడుగుతారని తెలుసు. లీగువారికి ఆదివారము సెలవు లేదు. ఉదయపు ఆరాధనకు వచ్చి, సాయంత్రము ఆటకు వెళ్ళే పిల్లవానితో నాకు తగవు లేదు. ఆరాధన మాని ఆడతానంటే మాత్రము ఉంది. అది వానికీ తెలుసు.

పోయిన నెల వాళ్ళ కళాశాల ఆట ఉంటే, మా సంఘము నుండి ఆటోలు మాట్లాడుకొని పందొమ్మిదిమందిమి వెళ్ళాము. స్త్రీల సమాజము నుండి నలుగురు మరమరాల సంచి పట్టుకొని వచ్చారు. ఆట ఏమిటో తెలియని ఒక అవ్వ ఇరుపక్షములకూ చప్పట్లు కొట్టింది. ఎండ మండిపోతోంది. మన వాడు మొదటి కూతకు వెళ్ళి, గీత దాటి, ఇటు తిరిగి మమ్మలను చూసి ఒక్క క్షణము ఆగాడు. ఆ క్షణములోనే అవతలి కుర్రవాడు మడమ పట్టేశాడు. తండ్రి తల పట్టుకొన్నాడు. వాడు మాత్రము మట్టి దులుపుకొని లేచి, బయట కూర్చొని నవ్వుతున్నాడు. రెండవ సగములో తొమ్మిది పాయింట్లు తెచ్చాడు.